బాలుని మార్కులు సంఘపు లెక్క కావు



గత నెల కార్యవర్గ సమావేశమున నేనొక ప్రతిపాదన చేసితిని. ఏటేట మన సంఘము జరుపు ప్రతిభా సత్కార సభను నిలిపివేయవలెననియు, పదవ తరగతి, రెండవ పి.యు.సి. ఫలితములు వెలువడినప్పుడు మన బాలబాలికల ఛాయాచిత్రములను మార్కులతో సహా ఈ పత్రికలో అచ్చువేయుట మానవలెననియు ఆ ప్రతిపాదన సారాంశము. దానిపై పెద్ద దుమారమే లేచినది. నేను విద్యాద్వేషినని ఒకరనిరి. పదవ తరగతితో చదువు చాలించి గాంధీ గంజులో ధాన్యము తూచుకొనువానికి మార్కుల విలువ యేమి తెలియునని మరియొకరు నవ్విరి. గత సంచికలో ఒక పెద్దలు దీర్ఘమైన లేఖ వ్రాసి నా వాదమును ఖండించిరి. ఆ పెద్దలయెడ నాకు గౌరవము కలదు. ఐనను వారి లేఖకు బదులు చెప్పక యూరకుండుట నేరమగునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట నా ప్రతిపాదనకు కారణము చెప్పవలెను. మన కుటుంబములలోనే ఒక ఇంట పదునేడేండ్ల బాలుడు కలడు. ఏ ఇల్లని అడుగవలదు, అడిగినను చెప్పను. ఆ బాలుడు పరీక్షలో తప్పలేదు. ఉత్తీర్ణుడే అయినాడు. కాని తండ్రి ఆశించిన మార్కులు రాలేదు. వైద్యవిద్య ప్రవేశపరీక్ష శిక్షణకై ఆ తండ్రి తెచ్చిన అప్పు గంజులో అందరికిని తెలిసినదే. ఆ వారము మన పత్రికలో పదునొకండుగురు పిల్లల బొమ్మలు వచ్చినవి. వాని బొమ్మ లేదు. వాడు ఆ పుటను రెండుమారులు చదివి, మడిచి, దిండుక్రింద పెట్టుకొనెనట. రెండు దినములు సరిగా అన్నము ముట్టలేదట. మూడవనాడు తల్లితో, "నేను లేకుంటే నాయినకు అప్పన్న తగ్గుతది" అనెను. ఆమె మొదట కసరినది. రాత్రి ప్రక్కమీద వాలిన తరువాత ఆ మాట యొక్క అర్థము ఆమెకు తెలిసినది. లేచి వెళ్లి కొడుకు ప్రక్కన కూర్చుండి, తెల్లవారువరకు కదలలేదు. ఉదయమే తన అన్నకు కబురంపినది. మేనమామ వచ్చి వానిని వైద్యుని యొద్దకు తోడ్కొనిపోయెను. నేడు ఆ బాలుడు క్షేమముగా నున్నాడు, చదువుకొనుచున్నాడు. ఆ తల్లి నాతో చెప్పిన మాట ఒక్కటే: "అన్నా, మన పేపర్ల ఎందుకేస్తరు ఆ మార్కులు?"

ఆమెకు నాయొద్ద సమాధానము లేదు. కార్యవర్గములో ఎవరి యొద్దనైన ఉన్నచో వినుటకు సిద్ధముగా నున్నాను.

మన పత్రిక వలననే ఆ బాలునకు ఆ తలంపు కలిగెనని నేననుట లేదు. ఏ ఒక్క కారణము చేతను ఎవరును ఆ తలంపునకు రారు. మనసున క్రుంగుదల యను వ్యాధి యుండవచ్చును, నిద్ర చెడియుండవచ్చును, ఇంట కలహము, తోటివారి హేళన, ప్రేమభంగము, త్రాగుడు, పూర్వమొకమారు తనకు తాను హాని తలపెట్టిన చరిత్ర, వీనిలో కొన్ని యొక్కటై నెత్తిన పడవచ్చును. వీని కన్నిటికిని పైన మూడు భావములు పేరుకొనునని మనోవైద్యులు చెప్పుదురు. తాను అందరికి భారమైతిననునది మొదటిది. తన కెవ్వరును లేరనునది రెండవది. ఈ బాధ యెన్నటికిని తీరదనునది మూడవది. ఈ మూడింటిలో మొదటి దానిని మనము మన చేతులతో, సభ పెట్టి, దండలు వేసి, చప్పట్లు కొట్టి, ఏటేట పెంచుచున్నాము. నా అభియోగ మంతయు ఇదియే.

ఇక ఆ పెద్దల లేఖలోని వాదములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

"ఈ తరము పిల్లలు సుకుమారులు; మా కాలమున తండ్రి బెత్తముతో కొట్టినను ఎవ్వరును ప్రాణము తీసికొనలేదు" అని వారు వ్రాసిరి. తీసికొనలేదా? మన ఇండ్లలో ముసలివారిని ఏకాంతమున అడిగి చూడుడు. "కడుపునొప్పితో పోయినాడు", "కాలుజారి పడినాడు" అని చెప్పుకొనిన మరణములలో కొన్ని ఎట్టివో ఆ ముసలివారికి తెలియును. లెక్క లేకపోవుట వేరు, మరణము లేకపోవుట వేరు. లెక్క వ్రాయని దుకాణమున నష్టము లేదనువానిని ఏ వర్తకుడైన నమ్మునా?

నేడు లెక్క కలదు. కేంద్ర ప్రభుత్వపు జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకటించిన దాని ననుసరించి 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. వారిలో 1,22,724 మంది పురుషులు. అనగా పదిమందిలో ఏడుగురు మగవారే. ఆ మొత్తములో 13,044 మంది విద్యార్థులు. ఆడపిల్లల దుఃఖము తక్కువదని నేననుట లేదు; దానిని గూర్చి వేరుగా వ్రాయవలసి యున్నది. కాని "మగవాడు గట్టివాడు" అని మనము చెప్పుకొను మాటకు ఈ అంకెలే ప్రత్యుత్తరము. చిన్ననాట పడి మోకాలు చీరుకొనిన మగపిల్లవానితో మనమనెడి మొదటి మాట యేమి? "ఆడదాని తీరుగ ఏడుస్తవేందిరా?" అని. పదేండ్లు ఈ పాఠము చెప్పి, పదునారవ యేట వాడు తన బాధ మనకు చెప్పలేదని ఆశ్చర్యపడుదుము. ఏడువనేర్వని బాలుని దుఃఖము కోపముగా బయటికి వచ్చును; తలుపు వేసికొనును, ఎదురు మాటాడును, తల్లిపై పళ్లెము విసరును. మనము దానికి పొగరని పేరు పెట్టి రెండు తగిలింతుము. గోరుచుట్టుపై రోకటిపోటు అనగా ఇదియే.

ఇచట నా సంగతి యొకటి చెప్పవలెను. ఇన్నేండ్లు నా భార్యకు కూడ చెప్పనిది. 1997లో నేను పదవ తరగతి గణితములో తప్పితిని. మా వంశమున లెక్కలలో తప్పినవాడు నేనే మొదటివాడనని మా నాయన నలుగురిలో అనెను. ఆ రాత్రి నాకును ఆ తలంపే వచ్చినది. మా నాయన వ్యాపారములో భాగస్థు డొకాయన ఉండెడివాడు. ఆయనను మామా అని పిలిచెడివారము. ఆయన నా ముఖము చూచి యేమి గ్రహించెనో తెలియదు. ఇంటికి పోక ఆ రాత్రి మా అరుగుమీదనే నా ప్రక్కన పండుకొనెను. మార్కుల మాట ఎత్తలేదు. తెల్లవారుజామున దుకాణపు తాళపుచెవి నా చేతిలో పెట్టి, "ఇయ్యాల నువ్వే తెరువాలె, నాకు నడుం నొస్తున్నది" అనెను. తరువాత సప్లిమెంటరీలో ఉత్తీర్ణుడ నైతిని. నేడు ఆ దుకాణమే నాకును, నాయొద్ద పనిచేయు ఆరు కుటుంబములకును అన్నము పెట్టుచున్నది. నేను సుకుమారుడనో కానో పెద్దలే నిర్ణయింతురు గాక. ఆ రాత్రి ఆ మామ ఇంటికి పోయి యున్నచో ఏమగునో నేను చెప్పజాలను.

పెద్దల రెండవ వాదము: "ఇట్టివానిని గూర్చి పత్రికలలో వ్రాసిన, పిల్లలతో మాటాడిన, లేని తలంపు పుట్టును." ఈ భయము సద్బుద్ధితో కలిగినదే, కొంత నిజమును కలదు. మరణమును కథవలె వర్ణించి, మార్గమును వివరించి, పోయినవానిని వీరుని చేసి వ్రాయుట నిజముగా హానికరము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు ఇచ్చిన సూచనలలో దానిని స్పష్టముగా వారించినది. కాని దగ్గరివారు ప్రక్కన కూర్చుండి, "నీకు బ్రతుకు వద్దనిపించుచున్నదా?" అని సూటిగా, శాంతముగా అడుగుట వేరు. అట్లడుగుట వలన తలంపు పుట్టదని, పైగా మనసు తేలికపడునని అనేక దేశములలో జరిగిన పరిశోధనలు తేల్చినవి. ఆ తల్లి కొడుకుతో మాటాడి తప్పు చేసెనా? మాటాడక పండుకొనియున్నచో ఒప్పగునా?

మూడవ వాదము: "మార్కులు ప్రకటించుట ప్రోత్సాహము, దానిని చూచి తక్కినవారు కష్టపడి చదువుదురు." మార్కులనునవి తులాభారమువలె సత్యమైనవని భావించుటయే ఇందలి లోపము. 2019 ఏప్రిల్ 18న తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినవి. సుమారు 9.7 లక్షల మంది వ్రాయగా 3 లక్షలకు పైగా తప్పిరి. కొలది దినములలో ఇరువదికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఆ తరువాత లోపములు బయటపడినవి. ఒక విద్యార్థినికి తెలుగులో సున్న మార్కులు పడినవి. పత్రము తిరిగి చూడగా 99 వచ్చినవి! మాతృభాషలో సున్న యని చదివికొన్న ఆ బాలిక ఇంట ఆ రోజు దీపము వెలిగెనా? ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి, తప్పిన వారందరి పత్రములను రుసుము లేకుండ తిరిగి చూపించినది. వేయిమందికి పైగా బాలబాలికలు అప్పుడు ఉత్తీర్ణులని తేలినది. కాగితముపై అంకె దిద్దవచ్చును. పోయిన ప్రాణమును దిద్దుటకు వీలు లేదు.

లోపమే లేకుండ మార్కులు సత్యమైనవే యగుగాక, వానిని పదిమందిలో చాటుట ధర్మమా? 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. విశాఖపట్టణమున వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుకొనుచున్న ఒక బాలిక మరణము నుండి ఆ వ్యాజ్యము వచ్చినది. దేశములోని విద్యాసంస్థల కన్నిటికిని ఆ ధర్మాసనము 15 మార్గదర్శకములను విధించినది. మార్కులను బట్టి పిల్లలను తరగతులుగా విడదీయరాదనియు, పదిమందిలో సిగ్గుపరచరాదనియు, శక్తికి మించిన లక్ష్యములను వారిపై రుద్దరాదనియు వానిలో నున్నది. నూరుమంది లేక అంతకు మించిన విద్యార్థులున్న చోట మనోవిషయములలో శిక్షణ పొందిన సలహాదారు ఒక్కరైన నుండవలెనని కూడ కలదు. మనది కళాశాల కాదు, ఆ తీర్పు మనకు వర్తింపదు అని లేఖకులు అనవచ్చును. న్యాయస్థానము కళాశాలలను మానుమన్న పనిని మన సంఘము దీపము వెలిగించి, అధ్యక్షోపన్యాసముతో చేయవచ్చునా? వేదికపై నిలిచిన పదునొకండుగురికి చప్పట్లు కొట్టినప్పుడు, క్రింద కూర్చున్న నలుబదిమంది ఆ చప్పట్లను ఎట్లు వినుచున్నారో మనలో ఒక్కరైన తిరిగి చూచితిమా?

నాలుగవ వాదము: "ఇది మహానగరముల జబ్బు, మన బీదరుకు రాదు." నగరమునకు పిల్లలను పంపుచున్నది ఎవరు? 1956 నవంబరు 1న బీదరు హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి మైసూరు రాష్ట్రములో కలిసినది. రాజధాని మారినను మన కుటుంబముల చూపు మారలేదు. హైదరాబాదులో చదివినదే చదువని నేటికిని మన నమ్మకము. పదునైదేండ్ల బాలుని హాస్టలులో దించి, మూడు నెలల కొకమారు పండ్లబుట్టతో పోయి, "మార్కులెన్ని?" అని అడిగి తిరిగి వత్తుము. ఇప్పుడు బీదరులోనే శిక్షణాలయములు వెలసి, ఇతర జిల్లాలనుండి పిల్లలు ఇచటికే వచ్చుచున్నారు. ఆ దూరపు ఊళ్ల బాలురు మన వీధులలోనే గదులు అద్దెకు తీసికొని యున్నారు. వారిని ఎన్నడైన పలుకరించితిమా?

మన పిల్లలకు మరియొక ప్రత్యేక కష్టము కలదు. మన బాలుడు ఇంట తెలుగు, బడిలో కన్నడము, బజారులో ఉర్దూ, శిక్షణాలయమున ఇంగ్లీషు మాటాడును. నాలుగు భాషలు వచ్చునని మనము మురియుదుము. కాని తన దుఃఖమును వాడు ఏ భాషలో చెప్పవలెను? ఇంగ్లీషులో వానికి పరీక్షకు సరిపోవు మాటలే తెలియును. కన్నడములో స్నేహితులతో పరిహాసములే. తెలుగు అమ్మతో అన్నము అడుగుటకును, నాయనతో ఫీజు అడుగుటకును మిగిలినది. "నాకు భయముగా నున్నది, నాకు చేతకాకున్నది" అని తెలుగులో చెప్పు అలవాటు మనము వానికి నేర్పలేదు. భాషను కాపాడుటకే పుట్టిన సంఘము మనది. తెలుగులో పద్యములు చదివించితిమి, నాటకములు వేయించితిమి. తెలుగులో ఏడ్చుటకు మాత్రము చోటు చూపలేదు.

ఐదవది, లేఖలో సూటిగా లేకున్నను వరుసల మధ్య నున్నది: ఇంటి పరువు. ఇట్టివి బయటపడిన ఆడపిల్లలకు సంబంధములు రావట. పోలీసులు వత్తురట. పోలీసుల భయము పాతది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 115వ సెక్షను అట్టి ప్రయత్నము చేసినవాడు తీవ్రమైన మనోవేదనలో నున్నవాడనియే భావింపవలెననియు, వానికి చికిత్స, సంరక్షణ కల్పించుట ప్రభుత్వ విధి యనియు చెప్పుచున్నది. పాత శిక్షాస్మృతిలో దానిని నేరముగా చూపిన 309వ సెక్షను 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఇక సంబంధముల మాట. కొడుకును వైద్యుని యొద్దకు కొనిపోయిన ఇంట పిల్లనిచ్చుటకు వెనుదీయువారు మనలోనే యున్నారు గదా! ఆ వెనుదీయుట మానవలసినవారమును మనమే. మధుమేహమునకు మందు మ్రింగువాడు సిగ్గుపడడు; మనసునకు మందు మ్రింగువాడేల సిగ్గుపడవలెను?

2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము 13 నుండి 17 ఏండ్ల పిల్లలలో 7.3 శాతము మందికి ఏదో యొక మానసిక వ్యాధి కలదు. గంజు లెక్కలో చెప్పుదును: ఆ ఈడు పిల్లలు 140 మంది ఉన్నచో పదిమంది. ఆ పదిమంది ఎవరో మనకు తెలియదు. తెలియక వారి ముందే మనము మార్కుల పాట పాడుచున్నాము.

కేవలము వద్దనుట నాయకత్వము కాదు. కావున వచ్చు సర్వసభ్య సమావేశమున నేను నాలుగు తీర్మానములు ప్రవేశపెట్టదలచితిని.

ఒకటి: మార్కుల సత్కారము బదులు ఫలితముల వారములోనే పిల్లల నందరిని, తప్పినవారిని కూడ, తల్లిదండ్రులతో సహా పిలిచి భోజనము పెట్టవలెను. తప్పినవానికి దారి మూసికొనిపోలేదని అచట చెప్పవలెను. కర్ణాటకమున 2024 నుండి పదవ తరగతికిని రెండవ పి.యు.సి.కిని ఒకే యేట ఒకటికి మించిన వార్షిక పరీక్షలు జరుగుచున్నవి. దరఖాస్తు నింపుటకు, తప్పిన విషయమున పాఠము చెప్పుటకు సంఘము మనుష్యులను సిద్ధపరుపవలెను. ఒక సంవత్సరము నష్టము వచ్చెనని ఏ వర్తకుడును దుకాణము మూయడు. క్రొత్త ఖాతా తెరచును.

రెండు: ఎరువులు, పురుగుమందులు అమ్మువారును, పొలములు గలవారును మనలో పెక్కురు కలరు. ఆ మందులను ఇంట నుంచరాదు. గిడ్డంగిలో తాళము వేసి, తాళపుచెవి పెద్దవారి యొద్దనే యుండవలెను. ఇది చిన్న విషయము కాదు. శ్రీలంకలో మిక్కిలి విషపూరితమైన పురుగుమందులను నిషేధించిన తరువాత, 1995 నుండి ఇరువది ఏండ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతము వరకు తగ్గినది. ఆ తలంపు చాలమందికి గాలివానవలె వచ్చి పోవునది. ఆ గడియలో హాని చేతికి అందకున్న ప్రాణము నిలుచును.

మూడు: ఈ పత్రిక మొదటి పుటలో, మార్కులు వేసెడి చోటనే, ప్రతి వారము 14416 అను అంకె అచ్చువేయవలెను. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ టెలిఫోను సేవ. రాత్రింబవళ్లు పనిచేయును, రుసుము లేదు, తెలుగులోను, కన్నడములోను మాటాడవచ్చును. బీదరు వైద్య విజ్ఞాన సంస్థ ఆసుపత్రిలో మనోవైద్యులు కలరు. అచటికి పోవుటకు వెనుకాడు కుటుంబమునకు తోడుగా పోవుటకు నేను సిద్ధము. దుకాణము మూసి వత్తును.

నాలుగు: ప్రతి తండ్రియు వారమున కొక గంట కొడుకుతో కూర్చుండవలెను. ఆ గంటలో మార్కులు, ఫీజు, ర్యాంకు అను మూడు మాటలు పలుకరాదు. బాలుడు ఇష్టమైన వస్తువులను పంచిపెట్టుచున్నను, నిద్ర మానినను, స్నేహితులను విడిచినను, "నేను లేకపోయిన మీకు హాయి" అని యనినను, దానిని వేషమనుకొనక అప్పుడే అడుగవలెను. ఒంటరిగా విడువక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. ఈ తీర్మానమును అమలు జరుపుటకు సంఘమునకు చేతకాదు, తండ్రులకే చేతనగును.

లేఖ వ్రాసిన పెద్దలకు తుదిమనవి. తమరు కోపముతో నన్ను ఖండించినను నాకు బాధ లేదు. సమావేశమునకు వచ్చి నా తీర్మానములకు వ్యతిరేకముగా చేయెత్తుడు. కాని ఆ చేయెత్తుటకు ముందు రాత్రి, తమ ఇంట చదువుకొనుచున్న మనుమని గది తలుపు తట్టి, ప్రక్కన కూర్చుండి, "ఎట్లున్నవురా?" అని యొక్కమారు అడుగుడు. వాడు "బాగున్న" అనిన వెంటనే లేచి రావలదు. ఇంకను కొంతసేపు కూర్చుండుడు.

ఇట్లు,
గాంధీ గంజు వర్తకుడు, కార్యవర్గ సభ్యుడు